దురద లేని రోజు కూడా చుక్కలు వేసుకోవాలట

పోయినేడు ఫిబ్రవరిలో మొదలైంది నాకు ఈ కళ్ళ ఎలర్జీ. ఉప్పల్ నుంచి రోజూ బండి మీద ఆఫీసుకి వెళ్తాను, దారి పొడవునా దుమ్ము, మా కాలనీ ఖాళీ ప్లాట్ల నిండా వయ్యారిభామ. కళ్ళ లోపలి మూలల్లో ఒకటే దురద, పొద్దున లేచేసరికి దారంలా సాగే పుసి. "నులమకే తల్లీ" అని అమ్మ మొత్తుకున్నా చేయి ఆగేది కాదు.

మెడికల్ షాపులో అడిగితే ఏవో చుక్కలిచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు మాయం! అందుకే ఎప్పుడు దురదొస్తే అప్పుడు వేసుకుంటూ రెండు నెలలు గడిపేశా. తర్వాత కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే కంటి లోపలి ప్రెషర్ 26 ఉంది, మామూలుగా 21 దాటకూడదు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉందని, ప్రెషర్ పెంచింది అదేనని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డాక్టర్ మేడం కాగితం మీద ఒక గుండ్రం గీసి లోపల చుక్కలు పెట్టారు. "ఇది మాస్ట్ సెల్ అనే కణం అమ్మా, ఈ చుక్కలు హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనం నింపుకున్న సంచులు. పుప్పొడి తగలగానే కణం వీటిని బయటికి వదిలేస్తుంది, అదే నీ దురద. నులిమినా వదులుతుంది." మాస్ట్ సెల్ స్టెబిలైజర్ అనే రకం మందు ఆ సంచుల్ని బయట పడనివ్వదట, కానీ అప్పటికే బయటికొచ్చిన హిస్టమిన్‌ని ఏమీ చేయలేదు. అందుకే సోడియం క్రోమోగ్లైకేట్ లాంటివి రోజుకి నాలుగుసార్లు వేసుకున్నా గుణం కనబడటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నాకు ఓలోపటడిన్ 0.1 శాతం రాశారు, పొద్దునా సాయంత్రం. ఇది కణాన్నీ ఆపుతుంది, బయటికొచ్చిన హిస్టమిన్‌నీ అడ్డుకుంటుంది కాబట్టి దురద త్వరగా తగ్గుతుంది. దురద లేదని మాత్రం మానకూడదు, సీజన్ అయ్యేదాకా వేసుకోవాల్సిందే. నాకు ఎవరూ చెప్పని విషయం ఇదే, చెప్పుంటే స్టెరాయిడ్ జోలికే వెళ్ళేదాన్ని కాదు.

దురద మరీ ఎక్కువైతే అమ్మ చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ కళ్ళ మీద వేసేది, కాసేపు ప్రాణం లేచొచ్చేది. మూడో వారంలో ఒక సాయంత్రం హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గమనించా, పొద్దుట్నుంచి ఒక్కసారీ కళ్ళు నులుముకోలేదు. స్టెరాయిడ్ మానేశాక ప్రెషర్ కూడా 17కి దిగింది.

ఈ ఏడు మేడం చెప్పినట్టు సీజన్‌కి రెండు వారాల ముందే, జనవరిలోనే మొదలుపెట్టా. సీసా తెరిచి నెల దాటితే పారేయమన్నారు కదా, మూత తీసిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాసి పెట్టుకున్నా.