వేగుచుక్క మీద ఈ సున్నాలు ఎవరు చుట్టారు?

రాగి జావ ఉడుకుతుంటే ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అడుగు నుంచి బుడగ లేచి పైపొరను మెల్లగా ఉబ్బిస్తుంది, తర్వాత టప్పున పేలి నడుమ కుంగిపోతుంది, చుట్టూ గట్టులాంటి అంచు ఒక్క క్షణం నిలబడి కలిసిపోతుంది. నిన్న పొద్దున జావ కలుపుతూ అది చూస్తుంటే నాకు శుక్రుడు గుర్తొచ్చాడు.

అవును, మన వేగుచుక్కే. మేఘాలు కమ్మేసి ఉండటంతో దాని నేలను రాడార్‌తోనే చూడాలి. 1983లో సోవియట్ నౌకలు వెనెరా 15, 16 అలా చూస్తే పెద్ద పెద్ద వలయాలు బయటపడ్డాయి. కిరీటంలా ఉన్నాయని కరోనాలన్నారు. 1990లో అక్కడికి చేరిన నాసా మాగెల్లాన్ దాదాపు 98 శాతం నేలను మ్యాప్ చేసేసరికి లెక్క వందల్లోకి వెళ్లింది. ఆర్టెమిస్ అనే ఒక్క కరోనా వెడల్పే 2000 కిలోమీటర్లు దాటుతుంది!

చంద్రుణ్ణి చూసి అలవాటైన కళ్లు కదా మనవి, గుండ్రంగా ఏది కనిపించినా ఉల్క పడిందనుకుంటాం. ఉల్కలు చేసిన గుంటలు శుక్రుడి మీదా ఉన్నాయి, కాకపోతే వెయ్యికి లోపే, అందులోనూ మరీ చిన్నవి లేవు, ఎందుకంటే భూమి కంటే సుమారు 90 రెట్లు ఒత్తిడి ఉన్న ఆ గాలిలో చిన్న రాళ్లు నేలకు చేరకముందే చెదిరిపోతాయి. కరోనాల తీరే వేరు. ఒకదాని చుట్టూ ఒకటిగా పగుళ్లు, గట్లు, కందకాలు, చాలాచోట్ల లావా పారిన జాడలు. భూమి పైపొరకున్నట్టు కదిలే రాతి పలకలు లేని ఆ గ్రహంలో, లోపలి వేడి రాయి పైకి తన్నుకొచ్చి, నేలను ఉబ్బించి, పక్కలకు పరుచుకుని, చల్లారాక కుంగిందని ఎక్కువమంది శాస్త్రవేత్తలు చెబుతారు. ఇవీ పాత ఉల్కల దెబ్బలేనని కొద్దిమంది వాదించారు గానీ నేను ఒప్పుకోను. దెబ్బలైతే ఎక్కడపడితే అక్కడ పడాలి, ఇవేమో చాలావరకు పొడుగాటి పగులు లోయల వెంబడి బారులు తీరి ఉన్నాయి.

అన్నట్టు ఆల్ఫా రెజియో అనే మెట్ట అంచున దిబ్బరొట్టెల్లా ఏడు గుండ్రటి దిబ్బలున్నాయి, సగటున 25 కిలోమీటర్ల వెడల్పు, ఎత్తు మాత్రం 750 మీటర్లు మించదు. చిక్కటి లావా నాలుగు వైపులా సమంగా పాకితే అలా తయారవుతాయట.

నన్ను నిలవనీయనిది 2020లో వచ్చిన ఒక పరిశోధన. కరోనాల ఆకారాలను కంప్యూటర్ నమూనాలతో పోల్చి చూస్తే 37 చోట్ల కింది నుంచి వేడి రాయి తోపుడు ఇంకా ఆగినట్టు లేదని తేలింది. నాసా వెరిటాస్, యూరప్ వాళ్ల ఎన్‌విజన్ నౌకలు వెళ్లి అవే చోట్లను మళ్లీ రాడార్‌తో తీస్తే, ఆ బొమ్మల్ని మాగెల్లాన్ బొమ్మల పక్కన పెట్టి ఒక్కో గట్టూ, ఒక్కో పగులూ పోల్చి చూసుకోవాలని ఉంది.