విని కొట్టే ఆట: ఇద్దరి స్వరకాంబోల గేమ్, మూడో మాదిరి దాకా

నాలుగు బటన్లు, నాలుగు స్వరాలు: స, రి, గ, ప. దరువు తప్పకుండా వరుసగా నాలుగు నొక్కితే ఒక కాంబో, ఒక్కో కాంబోకి ఒక్కో ఎత్తు. లయతో నడిచే ఆటలు ఇంతవరకు చాలానే ఉన్నాయి. ఇద్దరు తలపడే ఈ ఆటలో మాత్రం ఎదుటివాళ్లు ఏం వాయిస్తున్నారో చెవితో పట్టుకుని, దానికి తగిన వరుస ఎత్తుకోవాలి. మూడు మాదిరుల్లో, అంటే ఆడి చూడటానికి చేసిన నమూనాల్లో, జరిగిన మార్పులన్నీ ఆ వినికిడి కోసమే.

మాదిరి 1: నోటితో

కోడ్ లేదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, దరువు టిక్కుమనిపించే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దరువులకు పెట్టి స్వరాలు పాడాలి. మూడో మనిషి కాగితం మీద పాయింట్లు వేయాలి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే ఎవరి వరుసలో వాళ్లు మునిగిపోయి ఎదుటివాళ్లను వినరు. ఒకరి తర్వాత ఒకరైతే, ఆగినవాళ్లకి నాలుగు దరువులు ఊరికే పోతాయి. కుదిరింది రెండు దరువుల తేడా. ఎడమవాళ్ల కాంబో 1, 2, 3, 4 దరువుల మీద, కుడివాళ్లది 3, 4, 5, 6 మీద, మళ్లీ ఎడమవాళ్లది 5 నుంచి 8 దాకా.

ఈ అమరికతో దెబ్బలు ఒకే క్షణంలో తగలడమనే సమస్య పోయింది. కాంబో ముగిశాక రెండున్నర దరువులకి దెబ్బ తగులుతుంది: ఎడమవాళ్లది 6.5 దగ్గర, కుడివాళ్లది 8.5 దగ్గర. ఎదుటివాళ్ల కాంబో పూర్తయ్యాకే ఫలితం తేలుతుంది కాబట్టి, ఎవరు ముందు నొక్కారన్న తగువే రాదు. ఓడినవాళ్లు తర్వాతి రౌండు మొదలుపెడతారు.

కాంబోలు ఎంచుకోవడం

నాలుగు స్వరాలతో నాలుగు స్థానాలు నింపితే 256 వరుసలు వస్తాయి. అందులోంచి నచ్చినవి ఏరుకుంటే మొదటి ఆటలోనే దెబ్బ తింటాం. ఒక్క వేలు జారితే డాలు కాస్తా దెబ్బ అయిపోతుంది, ఆడేవాళ్లకి ఆట మీద నమ్మకం పోతుంది. దీనికి మందు చిన్న లెక్క. స=0, రి=1, గ=2, ప=3 అనుకుని, నాలుగింటి మొత్తం 4తో నిశ్శేషంగా భాగించబడే వరుసల్నే తీసుకోవాలి. అలాంటివి 64 ఉంటాయి. ఒక్క స్వరం తప్పితే మొత్తం మారిపోతుంది కాబట్టి అది ఇంకో కాంబోగా ఎన్నటికీ మారదు, కేవలం చెడిపోతుంది. ఇప్పుడు వాడుతున్నవి ఆరు:

స స గ గ: పైదెబ్బ
స స ప రి: కిందిదెబ్బ
ప రి ప రి: డాలు పైకి
ప రి స స: డాలు కిందికి
గ ప ప స: పెద్దదెబ్బ, డాలుకి ఆగదు
స రి గ రి: పక్కకి తప్పుకోవడం, పెద్దదెబ్బకి ఇదొక్కటే విరుగుడు

ఈ లెక్కకి అందని తప్పు ఒకటుంది: కంగారులో పక్కపక్క స్వరాలు తారుమారు కావడం. ప రి ప రి బదులు రి ప ప రి పడినా మొత్తం 8గానే ఉంటుంది. అందుకే ఒక వరుసని తీసుకున్నాక, పక్క స్వరాలు మార్చితే వచ్చే వరుసలన్నీ జాబితాలోంచి కొట్టేయాలి.

పై, కింది దెబ్బలు రెండింటికీ మొదటి రెండు స్వరాలు కావాలనే ఒకటిగా ఉంచాం, డాలు ఎత్తులు రెండింటికీ అంతే. 1, 2 దరువుల్లో ‘స స’ వినపడితే దెబ్బ వస్తోందని తెలుస్తుంది, పైనా కిందా అన్నది తెలియదు. కుడివాళ్లు 3, 4లో ‘ప రి’ మొదలుపెడుతూనే, ఎడమవాళ్ల మూడో స్వరం గ అవుతుందా ప అవుతుందా అని చెవి ఒగ్గాలి. గ అయితే 5, 6లో ‘ప రి’, ప అయితే ‘స స’. తన వేళ్లు ఒక వరుస వాయిస్తుంటే చెవి ఇంకో వరుసని పట్టుకోవాలి. ఆట మొత్తానికి ప్రాణం ఈ రెండు దరువులే. పెద్దదెబ్బ బలమైనది గనుక మొదటి స్వరంతోనే బయటపడిపోతుంది, గ తో మొదలయ్యేది అదొక్కటే. ప్రాణం 12 పాయింట్లు, మామూలు దెబ్బకి 2, పెద్దదానికి 4.

మాదిరి 2: గడియారం

ఎక్కువ సమయం తిన్నది ఇదే. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్‌లో ఫ్రేముల (తెర మీద ఒకదాని వెనక ఒకటి మారే బొమ్మల) మధ్య సమయం కూడుకుంటూ దరువు లెక్కపెడితే, ఎక్కడో ఒక ఫ్రేము తడబడిన దగ్గర నుంచి ఆట ఒక దారి, పాట ఒక దారి. లెక్క పాట నుంచే రావాలి. ప్లేబ్యాక్ పొజిషన్ (పాట ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే అంకె) నేరుగా తీసుకుంటే అది మెట్లుమెట్లుగా దూకుతుంది, ఎందుకంటే ఆడియో ముక్కలుగా మిక్స్ అవుతుంది. దానికి చివరి మిక్స్ తర్వాత గడిచిన సమయం కలిపి, అవుట్‌పుట్ ఆలస్యం (మిక్స్ అయిన శబ్దం స్పీకరులో వినపడటానికి పట్టే సమయం) తీసేయాలి. ఆ ఆలస్యాన్ని ప్రతి ఫ్రేములో అడగకూడదు, అది ఖరీదైన పని. మొదట్లో ఒకసారి అడిగి దాచుకుంటే చాలు. వచ్చిన సమయం ఒక్కోసారి కిందటి విలువ కన్నా వెనక్కి పోతుంది, అప్పుడు పాత విలువే ఉంచాలి.

పాట ఫైలు ఎంపీత్రీ అయితే ఎన్‌కోడర్ మొదట్లో చేర్చే నిశ్శబ్దం వల్ల లూపు తిరిగిన ప్రతిసారీ ఎగుడుదిగుడు వినిపిస్తుంది. వేవ్ గానీ ఓగ్ గానీ వాడాలి. వేగాలు కూడా తోచినట్టు పెట్టకూడదు. సెకనుకి 48,000 శాంపిళ్ల (శబ్దాన్ని నమోదు చేసే విడి కొలతల) దగ్గర నిమిషానికి 100 దరువులంటే దరువుకి 28,800 శాంపిళ్లు, 120కి 24,000, 144కి 20,000. అన్నీ పూర్ణ సంఖ్యలే కాబట్టి లూపుని ఏ దరువు దగ్గర కోసినా సరిగ్గా దాని మీదే తెగుతుంది. 132 తీసుకుంటే 21,818 చిల్లర వస్తుంది, లూపుకి లూపుకి ఆ చిల్లర పేరుకుంటుంది. మూడు రౌండ్లకి మూడు వేగాలు, మూడు విడి ఫైళ్లు. ఒకే ఫైలుని సాగదీస్తే తాళవాద్యాల మొనలు మొద్దుబారతాయి.

నొక్కింది చెల్లే గడువు దరువులో 20 శాతం, ముందుకీ వెనక్కీ: 100 వేగంలో 120 మిల్లీసెకన్లు, 120లో 100, 144లో 83. ఒకే దరువు గడువులో రెండుసార్లు నొక్కితే కాంబో చెడాలి. ఈ నియమం లేకపోతే బటన్లన్నీ టపటపా కొట్టేవాళ్లే గెలుస్తారు. కీ నొక్కి పట్టుకుంటే వచ్చే ఆటో రిపీట్‌ని కూడా వదిలేయాలి. కాంబో గుర్తించడానికి నాలుగు అంకెల్నీ 64, 16, 4, 1తో గుణించి కలపడమే: స స గ గ అంటే 10, ప రి ప రి అంటే 221.

క్యాలిబ్రేషన్‌కి, అంటే దరువుకీ నొక్కుడుకీ మధ్య తేడాని ముందే కొలిచి సరిదిద్దడానికి, 20 తట్లు. మొదటి నాలుగు పారేసి, మిగతా 16 తేడాల్లో మధ్యస్థం తీసుకోవాలి. సగటు తీస్తే ఒక్క దారితప్పిన తట్టు లెక్కంతా లాగేస్తుంది. మనుషులు దరువు కన్నా కాస్త ముందే తడతారు, ఆ ముందుతనం ఈ అంకెలోనే కలిసి వస్తుంది. కాబట్టి ముందువైపు గడువు పెంచక్కర్లేదు, పెంచితే ఒకే తప్పుని రెండుసార్లు సరిదిద్దినట్టు. ఇద్దరికీ విడివిడిగా చేయాలి. ఒక కంట్రోలర్ వైరుది, ఇంకోటి వైర్‌లెస్ అయితే ఒకే అంకె ఇద్దరికీ సరిపోదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ని మాత్రం క్యాలిబ్రేషన్ కాపాడలేదు. తీర్పు సరిచేస్తుంది గానీ, నొక్కిన స్వరం చెవికి చేరడమే 100 నుంచి 200 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. తన స్వరమే తనకి ఆలస్యంగా వినపడితే లయ నిలవదు. స్పీకర్లో, వైరు హెడ్‌ఫోనో ఉండాలి.

మాదిరి 3: స్వరాల పొందిక

మూడో దరువు నుంచి ప్రతి దరువు మీదా రెండు స్వరాలు కలిసి పడతాయి. ఏ రెండు కలిసినా చెవికి గుచ్చుకోకూడదని మోహన రాగం స్వరాలు తీసుకున్నాం, సగం స్వరం దూరంలో ఉండే జంట అందులో లేదు. ఎడమవాళ్లకి స 261.63 హెర్ట్జ్, రి 293.66, గ 329.63, ప 392. కుడివాళ్లకి సరిగ్గా రెట్టింపు, పైస్థాయి. మొదట ఎడమవాళ్లని కిందిస్థాయిలో, 130.81 దగ్గర పెట్టి చూస్తే ల్యాప్‌టాప్ స్పీకర్లలో దాదాపు ఏమీ వినపడలేదు. రాగంలో మిగిలిన ద, 440 హెర్ట్జ్, బటన్‌కి ఇవ్వలేదు, దెబ్బ తగిలిన శబ్దంగా ఉంచాం. తగిలిందన్న సంగతి పాటలోనే కలిసి మోగుతుంది, ఏ బటన్ స్వరంతోనూ పొరపాటు పడదు.

వేణువులా మెల్లగా పుంజుకునే ధ్వని పనికిరాదు. సరిగ్గా నొక్కినా ఆలస్యమైనట్టు అనిపిస్తుంది. ఎడమకి తీగ మీటిన ధ్వని, కుడికి చెక్క మీద కొట్టిన ధ్వని. రెండు ఫైళ్ల ముందున్న నిశ్శబ్దాన్ని శాంపిల్ స్థాయిలో కోసేశాం. నొక్కగానే మోగాలి, దరువుకి సర్ది మోగించకూడదు. సర్దేస్తే తన తప్పు తనకే వినపడదు.

ఒకే కీబోర్డ్ మీద ఇద్దరు ఆడితే మూడు నాలుగు కీలు కలిసి పడినప్పుడు కొన్ని కీబోర్డుల్లో ఒకటి మాయమవుతుంది. లోపలి వైరు గడుల్లో మూడు మూలలు నొక్కితే నాలుగోది తేల్చుకోలేక వచ్చే చిక్కు ఇది. పైకి కనిపించే వరుసలకీ లోపలి గడులకీ పొంతన ఉండదు గనుక, ఎడమ నాలుగు, కుడి నాలుగు కీల జంటలు 16ని, మూడో కీ పట్టుకుని ఉండగా, ఒక్కొక్కటిగా నొక్కి చూడటం తప్ప దారి లేదు.

తర్వాతి పని 144 వేగం రౌండు. మూడో స్వరం విన్నాక డాలు మార్చుకోవడానికి అక్కడ 833 మిల్లీసెకన్లు ఉన్నాయి, అదీ నాలుగో దరువు మీద తన రెండో స్వరం వాయిస్తూనే. అది చాలకపోతే తగ్గించేది వేగాన్ని. గడువు పెంచితే కొట్టడం సులువవుతుంది గానీ వినడానికి ఒక్క క్షణం కూడా కలిసిరాదు.