మోకాళ్ల నొప్పులతో శాంటోరిని: నా అనుభవం

గ్రీసులోని శాంటోరిని ద్వీపం చూసి హనుమకొండకు తిరిగొచ్చినప్పటి నుంచి మా కాలనీలో అందరిదీ ఒకటే ప్రశ్న. "టీచరమ్మా, ఆ మోకాళ్లతోటి అగ్నిపర్వతం ఎట్ల ఎక్కిండ్రు?" ఎక్కడానికి బస్సు ఉంది. సతాయించేది దిగడం. వచ్చే వేసవిలో పోదామనుకుంటున్న వాళ్ల కోసం ఆ సంగతి రాస్తున్నాను.

క్రూజ్ బుక్ చేసింది మా బిడ్డ, అల్లుడు. వీసా గురించి ఒక్క మాట: ఓడ మధ్యలో టర్కీలో కూడా ఆగేదైతే షెంజెన్ వీసా (గ్రీసుతో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లేది) మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకసారి కన్నా ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేది, తీసుకోవాలి. లేదంటే మళ్లీ గ్రీసులోకి రావడం కష్టం.

శాంటోరిని ఒకప్పటి అగ్నిపర్వతం అంచు. పెద్ద పెద్ద పేలుళ్లకు నడిమి భాగం కూలిపోయి సముద్రం లోపలికొచ్చింది. వాటిలో పేరుపడ్డది సుమారు 3,600 ఏళ్ల కిందటిది. ఆ లోపలి సముద్రం ఎంత లోతంటే పెద్ద ఓడలు మామూలుగా లంగరు వేయలేవు. నీళ్ల మధ్యే నిలబడతాయి, మనం చిన్న పడవల్లో ఒడ్డుకు పోవాలి.

సొంతంగా తిరిగేవాళ్లను ఫిరా ఊరి కింద పాత రేవులో దింపుతారు. ఊరేమో రెండు వందల మీటర్ల పైన. కేబుల్ కారు, గాడిదలు, లేదంటే ఆరు వందలకు కాస్త తక్కువ మెట్లు. ఓడవాళ్ల టూరు తీసుకుంటే అథినియోస్ రేవుకు తీసుకుపోయి బస్సెక్కిస్తారు. సొంతంగా పోతే డబ్బులు మిగులుతాయని మా ఆయన పట్టుబట్టారు. "బాపూ, అమ్మ మోకాళ్లు చూసి మాట్లాడు" అని మా బిడ్డ టూరే బుక్ చేసింది.

ముందు అక్రోటిరి చూపించారు. 1967లో స్పిరిడాన్ మారినాటోస్ అనే ఆయన ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. బూడిద కింద ఊరికి ఊరే బయటపడింది. రెండు మూడంతస్తుల ఇళ్లు, వీధి బండల కింద మురికి కాలువ, సామాన్లు దాచుకున్న పెద్ద పెద్ద మట్టి కాగులు. పేలుడులో చనిపోయిన మనుషుల ఆనవాళ్లు మాత్రం దొరకలేదు. ముందే భూకంపాలొస్తే ఊరు ఖాళీ చేసి ఉంటారని గైడ్ చెప్పింది. 2025 మొదట్లో కూడా భూమి వరుసగా కంపిస్తే వేలమంది ద్వీపం వదిలి వెళ్లారు. ఇది విన్నాక మా ఆయన కాసేపు కిందికే చూస్తూ నడిచారు.

గైడ్ నా చేతిలో ఒక తెల్లటి రాయి పెట్టింది. బరువే లేదు. ప్యూమిస్ అంటారు, మనం మడమలు రుద్దుకునే రాయే. లావాలోని వాయువులు పొంగి, ఆ బుడగలతోనే గడ్డకట్టడం వల్ల నీళ్లలో తేలుతుంది. నాకు వెంటనే రామప్ప యాదికొచ్చింది. బడి పిల్లలను పాలంపేట తీసుకుపోయినప్పుడల్లా శిఖరం ఇటుకలు నీళ్లలో తేలుతాయని చెప్పేదాన్ని. మనవాళ్లు మట్టితో చేసి కాల్చిన దాన్ని ఇక్కడ భూమి తనే చేసిపెట్టింది. 1213 నాటి గుడి అంటే గైడ్ నమ్మలేదు, ఫోన్‌లో ఫోటోలు చూపించాల్సి వచ్చింది. ఇక్కడి ప్యూమిస్‌ను 1860లలో సూయజ్ కాలువ పనులకు తవ్వుకుపోయారని ఆమె చెప్పింది.

ఓయా ఊరు ఫోటోల్లోనే బాగుంది. అక్కడ నిలబడటానికే జాగా లేదు. శాకాహారులు 'ఫావా' అడగండి: మెత్తగా ఉడికించిన పసుపు పప్పు మీద ఆలివ్ నూనె, ఉల్లిగడ్డ. మా సంచిలో సకినాలు ఎట్లాగూ ఉన్నాయి.

అసలు కథ ఇక్కడే. టూరు అయ్యాక బస్సు ఫిరాలో వదిలేస్తుంది. కిందికి మనమే దిగాలి. సాయంత్రం అన్ని ఓడలవాళ్లూ ఒకేసారి కేబుల్ కారు దగ్గరికి చేరతారు, వరుస వీధిలోకి పాకుతుంది. అందుకే మేము షాపుల మొహం చూడకుండా నేరుగా వరుసలో నిలబడ్డాం. అయినా చాలాసేపే పట్టింది, కూర్చోవడానికి ఏమీ లేదు. పెట్టెలో కూర్చున్నాక మాత్రం కొన్ని నిమిషాల్లో కింద ఉంటాం. చివరి పడవ ఎన్ని గంటలకో చెప్పే బోర్డును పొద్దున్నే ఫోటో తీసి పెట్టుకోండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

మా అల్లుడు వరుసలో ఆగలేక మెట్ల దారి పట్టాడు. గాడిదలు నడిచే దారి కూడా అదే. మాకన్నా చాలా ముందే కింద ఉన్నాడు, కానీ పడవలో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.