మైనపు దిమ్మెలో ఉన్నదాన్ని డబ్బాలో వెతికారు: ఆపరేషన్ తరువాతి పరీక్షల్లో నా అనుభవం

పెద్దపేగు కాన్సర్‌కు ఆపరేషన్ జరిగి ఏడాది నిండడంతో, చెన్నైలో నేను చేయించుకోవలసిన పరీక్షలన్నీ ఈ వారమే ముగిశాయి. సీఈఏ రక్తపరీక్ష (కాన్సర్ తిరగబెడితే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్‌ను కొలిచేది), సీటీ స్కాన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం కావడానికి ఇచ్చే ఉప్పటి మందును బాగా చల్లబరచి తాగితే గొంతు దిగుతుంది. నేను రాయదలచుకున్నది మాత్రం నా సర్జన్ రాయని మరొక పరీక్ష గురించి.

పేగుల్లోని సూక్ష్మజీవులను చూసి కాన్సర్ తిరగబెడుతుందో లేదో ముందే చెప్పేస్తారని మా అబ్బాయికి ఎవరో నూరిపోశారు. వాడి ఆదుర్దా చూడలేక ఒక ప్రైవేటు ల్యాబుకు వెళ్లాను. వారిచ్చిన డబ్బాలో ఇంటి దగ్గర మలం సేకరించి, నల్ల కవరులో చుట్టి తీసుకువెళితే, కౌంటరులోని కుర్రవాడు కవరు విప్పి, డబ్బాను లైటుకు ఎత్తి చూసి, "ఈ అమ్మ శాంపిల్ చాలదు" అని హాలంతా వినబడేలా తమిళంలో ప్రకటించాడు. వరుసలో ఉన్నవారందరూ తల తిప్పి చూశారు. పక్కకు పిలిచి చెప్పకూడదా అని అడిగితే, వెనుక టాయిలెట్ ఉందనీ, అక్కడికి వెళ్లి మళ్లీ తెమ్మనీ వేలు చూపించాడు. ఆ తలుపుకు గడియ లేదు. పేగు కోయించుకున్న మనిషికి ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తన చేతిలో ఉండదన్న సంగతి అతనికి ఎవరూ నేర్పినట్లు లేదు. వేలకు వేలు వసూలు చేసే చోట ఒక తెర, ఒక గడియ పెట్టించలేరా? రోగికి కాన్సర్ వచ్చినంత మాత్రాన సిగ్గు పోదని ఈ వ్యాపారులు తెలుసుకోవాలి.

తరువాత వచ్చిన రిపోర్టులో రంగురంగుల వలయాలు, ఒక మార్కు ఉన్నాయి. ఫోన్ చేసిన సలహాదారు, నాకు కీమోథెరపీ జరిగిందా, ఇటీవల యాంటీబయాటిక్స్ వాడానా, ఎంత పేగు తీసేశారు అన్నవేవీ అడగకుండానే, నెలనెలా ప్రోబయోటిక్ పొడి (పేగుకు మేలు చేస్తాయని చెప్పే సూక్ష్మజీవులు ఉండేది) కొనమన్నది. నేను ఏళ్ల తరబడి కాలేజీలో జీవశాస్త్రం బోధించినదాన్ని కనుక పెద్దపేగు కణితుల్లో కనిపించే ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ అనే బ్యాక్టీరియా గురించి అడిగాను; ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని, "నార్మల్‌లోనే ఉంది మేడమ్" అన్నది.

ఈ బ్యాక్టీరియా సంగతి కట్టుకథ కాదు. సాధారణంగా నోటిలో, చిగుళ్ల పాచిలో ఉండే ఈ జీవి, మూల కణితి నుంచి కాలేయానికి పాకిన కణితిలోనూ సజీవంగా ఉంటుందని అమెరికాలోని డానా-ఫార్బర్ కాన్సర్ సంస్థ పరిశోధకులు 2017లో 'సైన్స్' పత్రికలో చూపారు. అటువంటి కణితిని ఎలుకల్లో పెంచి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే దాని పెరుగుదల మందగించింది. అదే ఏడు 'సెల్' పత్రికలో చైనా పరిశోధకులు, కీమో తరువాత వ్యాధి తిరగబెట్టినవారి కణితుల్లో ఈ జీవి అధికంగా ఉందనీ, కాన్సర్ కణాల్లో ఆటోఫజీని (కణం తన పాడైన భాగాలను తానే జీర్ణించుకుని నిలదొక్కుకునే ప్రక్రియను) ప్రేరేపించి వాటిని మందుకు లొంగకుండా చేస్తుందనీ రాశారు. అయితే వీరందరూ వెతికింది కణితి కణజాలంలో. నా కణితి ఆపరేషన్ నాడే పాథాలజీ విభాగంలో, కోసి తీసిన కణజాలాన్ని భద్రపరిచే మైనపు దిమ్మెలోకి చేరింది. కీమో, యాంటీబయాటిక్స్, మారిన తిండి అన్నీ కలిసి పేగును అతలాకుతలం చేసిన ఏడాదికి నా మలంలో ఏమి దొరికినా, ఆ కణితిలో ఏముండేదో అది చెప్పజాలదు.

రిపోర్టు చూపిస్తే మా సర్జన్ దాన్ని మడిచి తిరిగి ఇచ్చి, తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే జరుగుతుంది కాబట్టి సీఈఏ, స్కాన్ తేదీలు తప్పవద్దని మాత్రం అన్నారు. ఆ పొడికి పెట్టే డబ్బుతో నడవడానికి మంచి బూట్లు కొనుక్కోమని నా సలహా. కీమో ముగిసిన పెద్దపేగు కాన్సర్ రోగుల్లో క్రమబద్ధమైన వ్యాయామం వ్యాధి తిరగబెట్టడాన్ని తగ్గించిందని 2025లో వెలువడిన చాలెంజ్ ట్రయల్ నిరూపించింది. ల్యాబువారు ఇప్పటికీ డిస్కౌంటు మెసేజీలు పంపుతూనే ఉన్నారు. ఆ నంబరును మా అబ్బాయి చేతనే బ్లాక్ చేయించాను.