పత్తి వేరు కొనలో రెండు ఖండాలు

కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ కాగితం ఉంచి బొటనవేలితో మెల్లగా నొక్కి, ఈ ఉదయం నాలుగో స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు, ఒకే ఒక్క కణంలో క్రోమోజోములన్నీ విడివిడిగా పరచుకుని కనిపించాయి.

అసిటోకార్మిన్ రంగు పట్టి ఎర్రబడిన ఆ 52 తునకలలో సగం పెద్దవి, సగం చిన్నవి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడిలో చిన్నప్పటి నుంచి నేను చూస్తున్న పత్తి మొక్క, తన పుట్టుకను ఇలా కొలతల్లో దాచుకుందని చదివాను గానీ, కంటితో చూడటం ఇదే మొదలు.

ఆ 26 పెద్ద క్రోమోజోములు మన నాటు పత్తికి దగ్గరి చుట్టమైన ఆసియా, ఆఫ్రికా వంశానివి. 26 చిన్నవి అమెరికా అడవి పత్తి వంశానివి. మనిషి సేద్యం నేర్వడానికి చాలా ముందే, సుమారు 10 నుంచి 20 లక్షల సంవత్సరాల క్రితం, ఆ రెండూ అమెరికా గడ్డ మీద కలిసి, క్రోమోజోముల సంఖ్య రెట్టింపై ఈ జాతి ఏర్పడింది. 1940లో బీస్లీ అనే శాస్త్రవేత్త నాటు పత్తిని అమెరికా అడవి పత్తితో సంకరం చేసి, కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను రెట్టింపు చేయగా, ఆ కొత్త మొక్క సాగు పత్తితో కలిసి సంతానాన్ని ఇచ్చింది. పత్తి పుట్టుకకు నాకు ఇది శిలాజం కంటే గట్టి సాక్ష్యంగా తోస్తుంది.

సాయంత్రం ఇంటికి వస్తూ చేను గట్టున ఆగాను. నిన్న మీగడ రంగులో విచ్చిన పువ్వు, తన మందార కుటుంబపు పోలికతో, ఇవాళ గులాబి రంగుకు తిరిగి ముడుచుకుంటోంది.