ఆండ్రూనా, కాసిడీనా? 12 పుస్తకాలు చదివాక నా అనుభవం

ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ అనే హారర్ గేమ్ లోకంలో సాగే కథల పుస్తకాలు ఫాజ్‌బేర్ ఫ్రైట్స్. నిన్న రాత్రి వాటిలో 12వది పూర్తిచేశాను. నాలుగు నెలల కిందట నలుగురి ముందు పోయిన పరువు ఇవాళ పొద్దున తిరిగి దక్కింది. ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ మొదటి గేమ్ 2014లో వచ్చింది. ఆడినవాళ్లకు తెలుసు, అందులో కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఒక ఫోన్ కాల్, గోడమీద మారిపోయే పోస్టర్, మధ్యలో ఒక చిన్న మినీగేమ్. ఆ ముక్కలన్నీ మనమే ఏరుకోవాలి. 2015 చివర్లో ది సిల్వర్ ఐస్ నవల వచ్చాక ఏరుకోవాల్సినవి ఇంకా పెరిగాయి. పిల్లల్ని చంపి, వాళ్ల ఆత్మలు యంత్రపు బొమ్మల్లో చేరడానికి కారణమైన హంతకుడి పేరు విలియం ఆఫ్టన్ అని మనకు మొదట తెలిసింది ఆ నవలలోనే. అంటే పుస్తకాలను పక్కన పెట్టే వీలు లేదు. అలాగని మొత్తం తెచ్చి గేమ్‌కు అతికించే వీలూ లేదు. నవలలూ గేమ్‌లూ ఒకదానిలో ఒకటి ఇమిడే ముక్కలు కావని గేమ్ సృష్టికర్త స్కాట్ కాథన్ అప్పుడే చెప్పాడు.

ఆ వరసలోని మూడు నవలలు వారంలో అయిపోయాయి. కథానాయిక చార్లీ గురించి మూడో నవలలో బయటపడే నిజం నాకు చాలా నచ్చింది, కానీ అది ఆ నవలల లోకానికే చెందుతుంది. 2017లో వచ్చిన సర్వైవల్ లాగ్‌బుక్ అనే పజిళ్ల పుస్తకానికి రెండు రాత్రులు పట్టింది. వెలిసిపోయిన అక్షరాల్లో ఒకరు ప్రశ్నలు అడుగుతుంటారు, అచ్చులోని మాటలను మార్చి ఇంకొకరు జవాబిస్తుంటారు. ఆ పజిల్ విప్పితే కాసిడీ అనే పేరు వస్తుంది. చాలామంది ఆ పేరును గోల్డెన్ ఫ్రెడ్డీ అనే ఎలుగుబంటి బొమ్మలో ఆత్మగా ఉన్న బిడ్డకు పెట్టుకున్నారు. నేనూ అదే చేశాను. 2018 నాటి అల్టిమేట్ కస్టమ్ నైట్ అనే గేమ్‌లో ఆఫ్టన్‌ను పీడించే ఆత్మ కూడా కాసిడీయే అని ఒక సిద్ధాంతం కట్టుకున్నాను.

ఇక్కడిదాకా అంతా సాఫీగానే నడిచింది. చిక్కంతా ఫాజ్‌బేర్ ఫ్రైట్స్ దగ్గర వచ్చింది.

12 పుస్తకాలు, ఒక్కోదాంట్లో మూడేసి కథలు. అన్నీ ఎక్కడ చదువుతాం అనుకుని సారాంశాలు చెప్పే వీడియోలు చూశాను. 36 కథల సారాంశాలూ నోట్ చేసుకున్నాను. ప్రతి ఆదివారం ఈ గేమ్ గురించే మాట్లాడుకునే మా బృందం ముందు నిలబడి, ఫ్రైట్స్‌కూ గేమ్‌లకూ సంబంధమే లేదని అరగంట ధీమాగా చెప్పాను. అప్పుడు మా స్నేహితుడి చెల్లెలు, పదో తరగతి పిల్ల, చెయ్యెత్తింది.

"అన్నయ్యా, మరి ఆండ్రూ ఎవరు?"

"హాస్పిటల్ కథలో కనిపించే పిల్లాడు," అన్నాను.

"అక్కడ పేరు ఉండదు కదా. పేరు ఎక్కడ చదివావు?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరో వీడియోలో అన్న మాట అది. ఆ పిల్ల సంచిలోంచి ఐదో పుస్తకం తీసి, ది మ్యాన్ ఇన్ రూమ్ 1280 కథ ఉన్న పేజీ తెరిచి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత పుస్తకం చివరికి తిప్పి, "ఈ ఎపిలోగ్ చదివావా?" అని అడిగింది. కథలు అయ్యాక పుస్తకాల చివర స్టిచ్‌రైత్ కథ ముక్కలుముక్కలుగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను చూసిన వీడియోల్లో ఒక్కటి కూడా ఆ మాట చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. నా కాగితాలు మడుచుకుని కూర్చున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ వీడియోలు చేసేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. చదవని పుస్తకం గురించి చదివినట్టు మాట్లాడటం పాఠకుణ్ణి మోసం చేయడమే. నేనూ ఆ రోజు అదే మోసం చేశాను.

మర్నాటి నుంచి వరసగా మొదలుపెట్టాను. కథ చదవడం, ఎపిలోగ్ చదవడం, పేరు, వయసు, మాస్కు, వస్తువు, ఏది కనిపిస్తే అది రాసుకోవడం. 1280 గదిలో పడుకున్న మనిషి ఒళ్లంతా కాలిపోయి ఉంటుంది, బతికే అవకాశమే లేదు, అయినా చావడు. నర్సులు చంపాలని చూసినా కుదరదు. దగ్గర్లో ఒక పిల్లాడి నీడ తిరుగుతుంటుంది. ఎపిలోగ్‌లలో స్టిచ్‌రైత్ అనే ఆ బొమ్మలో ఇద్దరు పిల్లలు ఉంటారు, జేక్, ఆండ్రూ. తనను చంపినవాడి ఆత్మను పట్టుకుని వదలకుండా ఉన్నానని, వాణ్ణి చావనివ్వకుండా బాధ పెట్టానని ఆండ్రూ జేక్‌కు చెప్పుకుంటాడు. ఆ చోట నేను పుస్తకం మూసి లేచి అల్టిమేట్ కస్టమ్ నైట్ పెట్టాను. అందులో ఒక పాత్ర గొంతు ఇదే అంటుంది: నిన్ను ఇక్కడే పట్టి ఉంచుతాను, ఎన్నిసార్లు కాల్చినా సరే. ఒళ్లు జలదరించింది. రెండు చోట్లా ఉన్నది అదే పగ.

కొన్ని ఫ్రైట్స్ కథలు గేమ్‌లతో నేరుగా ముడిపడి ఉన్నాయని, కొన్ని లేవని స్కాట్ కూడా అన్నాడు. ఏవేవో తేల్చుకోవడం మన పని. నా లెక్క ఇది. కాసిడీ గోల్డెన్ ఫ్రెడ్డీలోని బిడ్డ, ఆండ్రూ హంతకుడికి అతుక్కున్న బిడ్డ. ఇద్దరు వేర్వేరు పిల్లల్ని మనం ఒక్కరిగా చూస్తూ వచ్చాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెప్పేది ఒకటే: కథ వదిలేసినా పర్వాలేదు, ఎపిలోగ్ వదలొద్దు. మూడు నవలలకు ఒక నోట్‌బుక్, ఫ్రైట్స్‌కు ఇంకోటి పెట్టుకోండి. రెండూ కలిపి రాస్తే మీరే తికమకపడతారు. నాకు మొత్తం 92 పేజీలు పట్టింది. మా బృందంలో ఇంత వివరంగా ఎవరూ రాయలేదని గర్వంగానే చెబుతాను.

ఇవాళ పొద్దున అదే పిల్ల ముందు నోట్‌బుక్ తెరిచాను. ఆండ్రూ చెప్పేదీ గేమ్‌లో వినిపించేదీ పక్కపక్కన రాసిన పేజీ చూపించాను. రెండుసార్లు చదివింది.

"మరి అల్టిమేట్ కస్టమ్ నైట్‌లో 50/20, అంటే 50 పాత్రల్నీ 20వ స్థాయిలో పెట్టి గెలిచాక చూపించే గోల్డెన్ ఫ్రెడ్డీ సంగతేంటి అన్నయ్యా?"

"అది కాసిడీ వైపే ఉంది. అందుకే కాసిడీ సంగతులు రాసుకున్న ఎడమవైపు పేజీలో రాశాను," అన్నాను.

కాసేపు ఆలోచించి, ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుంది. వెళ్తూ వెళ్తూ టేల్స్ ఫ్రమ్ ది పిజ్జాప్లెక్స్ మొదటి పుస్తకం ఇచ్చి వెళ్లింది. అవి ఎనిమిది ఉన్నాయి. చూసినదాన్ని అనుకరించే మిమిక్ అనే రోబో కథ వాటిలో ఉంది. కొత్త నోట్‌బుక్ మీద పేరు రాసి, పుస్తకంలో ఎపిలోగ్ మొదలయ్యే చోట ఒక కాగితం పెట్టాను.