మూడు డోసుల తరువాత వచ్చిన 4

నేను 2019 నుంచి అనంతపురంలో హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. మొదలుపెట్టిన నాడు నా సీడీ4 (రోగనిరోధక కణాల) సంఖ్య 138. క్రమంగా వైరల్ లోడ్, అంటే రక్తంలోని వైరస్ మోతాదు, పరీక్షకు అందనంతగా తగ్గి, సీడీ4 400 దాటింది. హెచ్‌ఐవీ లాగే, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి కూడా రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా సోకేదే కాబట్టి, ఆ టీకా వేయించుకొమ్మని 2022లో డాక్టరుగారు చెప్పారు. హెపటైటిస్-బి నాకు లేదని రక్తపరీక్షలో తేలాక, ఒక ప్రైవేటు క్లినిక్‌లో మొదటి రోజు, ఒక నెలకు, ఆరు నెలలకు చొప్పున మూడు డోసులు పూర్తిచేశాను.

టీకా వల్ల రక్షణ వచ్చిందో లేదో చూపే యాంటీబాడీ పరీక్ష గురించి అడిగితే, "మూడు సూదులు పడినాయి కదమ్మా, ఇంక పరీక్షెందుకు?" అంటూ అక్కడి నర్సు కార్డు నా చేతికిచ్చి పంపేశారు. నా మందుల సంగతి తెలిసి కూడా అలా అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఏఆర్‌టీ కౌన్సిలర్ మాత్రం "మీరు తప్పకుండా చేయించుకోవాలక్కా" అని పట్టుబట్టింది. గడియార స్తంభం దగ్గరి ల్యాబ్‌లో రక్తమిచ్చాను. సాయంత్రం వచ్చిన కాగితంలో నా అంకె 4. రక్షణకు కనీసం 10 ఉండాలని దాని పక్కనే చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంది.

రోజూ వేసుకునే మాత్రలే టీకాను పాడుచేశాయేమోనని ఆ రాత్రంతా భయపడ్డాను. అది నిజం కాదని డాక్టరుగారు ఓపికగా వివరించారు. యాంటీబాడీలను తయారుచేసే కణాలకు తోడ్పడేవి సీడీ4 కణాలే కనుక, చికిత్సకు ముందు వైరస్ వాటిని బాగా దెబ్బతీసి ఉంటే, తరువాత సంఖ్య పెరిగినా టీకాకు స్పందన బలహీనంగా ఉండవచ్చునట. మందులు వైరస్‌ను అణచి ఉంచి ఆ స్పందనను మెరుగుపరుస్తాయే తప్ప అడ్డుకోవు. టీకా పేరు చెప్పి ఒక్క పూట కూడా మాత్ర మానరాదు. నా మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్-బి మీద కూడా పనిచేస్తాయని, అయినా అవి టీకాకు బదులు కావని కూడా ఆయన చెప్పారు.

రెండోసారి రెట్టింపు మోతాదు ఇచ్చారు. 20 మైక్రోగ్రాముల సీసాలు రెండు తీసి, ఒక్కో భుజానికి ఒక్కో సూది వేశారు. మొదటి రోజు, ఒక నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు, మొత్తం నాలుగుసార్లు. ఆఖరి డోసు తరువాత ఆరు వారాలకు చేసిన పరీక్షలో 212 వచ్చింది. కౌన్సిలర్ ఆ అంకెను తేదీతో సహా నా పుస్తకంలో రాసి, "ఏడాదికి మళ్ళీ చూద్దామక్కా" అంది. అదే వారంలో మా ఆయనకు మొదటి డోసు వేయించాను.